దానము – పాలనము: గులాం యజ్దానీగారి జీవితము, పురాకట్టడముల సంరక్షణము

దానశాసనముల చివర వచ్చు ధర్మశ్లోకములు శాసనపఠనము నెరిగిన వారందరికిని పరిచితములే. ఇచ్చుటకంటె ఇచ్చినదానిని కాపాడుట మేలనియు, తానిచ్చినదానిని కాపాడుటకంటె పరులిచ్చినదానిని కాపాడుట రెండింతల పుణ్యమనియు వాని భావము. రాజులు, దండనాథులు, వర్తకశ్రేణులు గుడులు కట్టించి, భూములిచ్చి, ఆ సంగతిని రాతిపై చెక్కించిరి. కాని గుడి పైకప్పు నెర్రెలో మొలచిన రావిమొక్కను పెరికినవాని పేరు, ఒరిగిన కంబమునకు ఊతమిచ్చినవాని పేరు శాసనములలో కానరావు. కట్టించినవారి కీర్తి నేటివరకు నిలుచుటకు ఆ పేరులేనివారి శ్రమయే కారణము.

పరదత్తపాలనమను ఆ ధర్మమునకు ఇరువదవ శతాబ్దిలో దక్కను దేశమున గొప్ప నిదర్శనముగా నిలిచినవారు గులాం యజ్దానీగారు. వారు అరబ్బీ పారసీక భాషలలో పండితులు, ఇస్లాము మతస్థులు, పుట్టుకచే ఢిల్లీవారు. అయినను పాలంపేట రామప్ప గుడి, అలంపురము నవబ్రహ్మాలయములు, అజంతా ఎల్లోరా గుహలు, బీదరు కోట మొదలగువానిని సమదృష్టితో కాచి, వానిని గూర్చి లోకమునకు తెలిపిరి. వారి జీవితమును పరిశీలించినచో పాలనమనగా ఏమి, దాని హద్దులెవ్వి అను విచారము తప్పనిసరిగా కలుగును.

విద్యాభ్యాసము, తొలి కృషి

యజ్దానీగారు 1885 సంవత్సరము మార్చి 22వ తేదీన ఢిల్లీలో జన్మించిరి. సిపాయిల తిరుగుబాటు అణగి అప్పటికి ముప్పదియేండ్లు నిండలేదు. ఆ కల్లోలములో ఢిల్లీ నగరమున పెక్కు కట్టడములు నేలమట్టమయ్యెను. కూలినవి కూలగా మిగిలిన మసీదులు, సమాధులు, కోటగోడలు వారి బాల్యమునకు నిత్యదృశ్యములు. వారు అరబ్బీ పారసీకములను శ్రద్ధతో అభ్యసించి, ఉన్నతవిద్య ముగించి, ప్రభుత్వ కళాశాలలలో అరబ్బీ బోధకులైరి. షాజహాను చక్రవర్తి చరిత్రమగు అమల్-ఇ-సాలిహ్ అను పారసీక గ్రంథమును బంగాళ ఏషియాటిక్ సొసైటీ వారి బిబ్లియోథికా ఇండికా గ్రంథమాల కొరకు పరిష్కరించు పనిని వారు చిన్నవయసుననే చేపట్టిరి. 1912లో మొదలైన ఆ ప్రచురణము సంపుటములుగా వెలువడి ముగియుటకు పాతికేండ్లకు పైగా పట్టినది.

తాళపత్ర ప్రతులను సరిపోల్చి పాఠనిర్ణయము చేయుటలో గల నియమము సంస్కృతాంధ్ర పండితులెరిగినదే. పరిష్కర్త తనకు తోచినదానిని మూలములో చేర్చరాదు. శిథిలమైన చోట ఖాళీని ఖాళీగానే చూపవలెను. ఊహింపదగిన అక్షరమును కుండలీకరణములలోనే ఉంచవలెను. యజ్దానీగారు గ్రంథపరిష్కారములో అలవరచుకొన్న ఈ నియమమునే తరువాత రాతికట్టడములకును వర్తింపజేసిరని చెప్పుట అతిశయోక్తి కాదు.

అరబ్బీ పారసీక శాసనములకు ప్రత్యేకించిన ఎపిగ్రాఫియా ఇండో-మొస్లెమికా అను పత్రికకు అంతకుముందు జర్మను దేశీయుడగు హోరోవిట్జ్ సంపాదకుడుగా ఉండెను. మొదటి ప్రపంచయుద్ధము వచ్చుటతో ఆ జర్మను పండితుడు నిర్బంధములో పడెను. సంపాదకత్వభారము యజ్దానీగారిపై పడినది. దానిని వారు పాతికేండ్లు మోసిరి.

పరిషత్తు, శాఖ

1914వ సంవత్సరము హైదరాబాదు రాజ్యములో పురావస్తుకృషికి ఆరంభము. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1911లో సింహాసనమెక్కెను. ఆ ప్రభుత్వమున హోం కార్యదర్శియగు అక్బర్ హైదరీకి ప్రాచీనకళలయందు మక్కువ మెండు. అప్పటి బ్రిటిషు రెసిడెంటు సర్ అలెగ్జాండర్ పిన్హే చొరవతో ఆ సంవత్సరమే హైదరాబాదు ఆర్కియలాజికల్ సొసైటీ అను పరిషత్తు ఏర్పడినది. అదే సంవత్సరము ప్రభుత్వము పురావస్తుశాఖను నెలకొల్పినది. భారత పురావస్తుశాఖకు అధిపతియగు సర్ జాన్ మార్షల్ సలహాసహకారములతో యజ్దానీగారు ఆ శాఖకు అధికారిగా నియుక్తులైరి. అప్పటికి వారి వయస్సు ఇరువదితొమ్మిదేండ్లు.

పరిషత్తునకును శాఖకును భేదము కలదు. శాఖకు ద్రవ్యము, చట్టము, కూలీలు, ఇంజనీర్లు ఉందురు. పరిషత్తునకు ఉన్నది ఆసక్తి యొక్కటే. కాని ఆసక్తి లేనిచోట ద్రవ్యము నిలువదు. వైద్యులు, గనుల ఇంజనీర్లు, విద్యాధికారులు తమ వృత్తిరీత్యా పల్లెలు, అడవులు తిరుగుచు కనుగొన్న సంగతులను ఆ పరిషత్తులో విన్నవించిరి. 1916 నుండి దానికి ఒక పత్రిక వెలువడినది. పిన్హే మరణించిన పిమ్మట ఆ దొర పేర ఒక బంగారు పతకమును పరిషత్తు ఏర్పరచినది. రాయగిరి మొదలగు చోట్ల రాతిగూళ్లను త్రవ్విన వైద్యుడు హంట్, పురాతన గనులను పరిశోధించిన మన్ ఈ బృందములోని వారే. యజ్దానీగారు 1917లో ఆ పత్రికయందే, దక్కను రాతిసమాధులలో దొరకిన కుండలపై గల గీతచిహ్నములను గూర్చి వ్యాసము ప్రకటించి, వానికిని ప్రాచీన లిపులకును గల పోలికను విద్వాంసుల ముందుంచిరి. ఆ చిహ్నములు అక్షరములా, కుమ్మరి గురుతులా అను చర్చ నేటికిని ముగియలేదు.

ఈ పరిషత్తునకు ఒక లోపము లేకపోలేదు. దాని కార్యకలాపములన్నియు ఆంగ్లభాషలో నడచెను. సభ్యులలో అధికారులే హెచ్చు. గుడి ప్రక్కన నివసించు కరణమునకు, అర్చకునకు, కాపునకు ఆ పత్రికలోని సంగతులు తెలియు ఉపాయము లేకపోయినది. ఆ లోటును తెలుగువారే పూరించుకొనవలసివచ్చెను. కొమర్రాజు లక్ష్మణరావుగారి స్మృత్యర్థము ఆ పేరు వహించిన లక్ష్మణరాయ పరిశోధక మండలి ఊరూర శాసనములను సేకరించి 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించినది. ప్రభుత్వశాఖ కట్టడమును కాచుచుండగా ప్రజలు పూనిన మండలి ఆ కట్టడము చెప్పు మాటను తెలుగునకు తెచ్చినది.

మస్కి శాసనము, కార్యవిభజనము

శాఖ ఏర్పడిన మరుసటి యేడే ఒక మహావిశేషము జరిగినది. 1915లో రాయచూరు ప్రాంతమున మస్కి గ్రామము దగ్గర బీడన్ అను గనుల ఇంజనీరు ఒక బండపై బ్రాహ్మీలిపి శాసనమును కనుగొనెను. అంతవరకు తెలిసిన ధర్మలిపులలో రాజునకు దేవతలకు ప్రియుడను బిరుదమే కలదు గాని పేరు లేదు. ఆ రాజు అశోకుడని పండితులు పురాణములను, సింహళ చరిత్రములను బట్టి నిశ్చయించుకొనియుండిరి. మస్కి శాసనములో అశోకనామము స్పష్టముగా ఉండుటచే ఆ ఊహకు రాతిసాక్ష్యము లభించినది.

ఈ సందర్భమున యజ్దానీగారి నడవడి గమనింపదగినది. కొత్తగా ఉద్యోగమునకు వచ్చిన యువకుడు అంతటి శాసనమును తన పేర ప్రకటింపగోరుట సహజము. వారట్లు చేయలేదు. బ్రాహ్మీ ప్రాకృతములలో నిపుణులగు హెచ్. కృష్ణశాస్త్రిగారి చేత దానిని పరిష్కరింపజేసి, హైదరాబాదు పురావస్తు గ్రంథమాలలో మొదటి పుస్తకముగా 1915లోనే వెలువరించిరి. పాలంపేట శాసనమును బార్నెట్ పండితునకు, 1931లో కొప్పబాళ దగ్గర బయల్పడిన అశోక శాసనములను టర్నర్ పండితునకు అప్పగించిరి. తెలంగాణ జిల్లాల శాసనములను పి. శ్రీనివాసాచారిగారు పరిష్కరింపగా 1940లో అదే గ్రంథమాల యందు సంపుటము వచ్చినది. అరబ్బీ పారసీక శాసనములను మాత్రము స్వయముగా చదివిరి. తనకు అధికారము గల చోట తానే వ్రాయుట, లేనిచోట అధికారిని వెదకుట అనునది విద్యావినయము. ఈనాటి పరిశోధకులకు ఇది మొదటి పాఠము.

పాలంపేట

ఓరుగంటికి ఈశాన్యమున, రామప్ప చెరువు చెంత, పాలంపేట గ్రామములో ఉన్న రుద్రేశ్వరాలయమును గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు శకవర్షము 1135, అనగా క్రీస్తుశకము 1213లో ప్రతిష్ఠించెను. ఆ సంగతిని తెలుపు సంస్కృత శాసనము ఆలయ ప్రాంగణమునందే కలదు. కాకతీయ రాజ్యము 1323లో పతనమైన పిమ్మట ఈ ఆలయము శతాబ్దుల తరబడి ఆదరణ లేక అడవిలో మిగిలెను.

యజ్దానీగారు ఆ ఆలయమును, పరిసరములందలి చిన్నగుడులను పరిశీలించి, కొలిచి, ఛాయాచిత్రములు తీయించి, 1922లో పాలంపేట ఆలయములను గూర్చి భారత పురావస్తుశాఖ వారి మెమాయిర్ల వరుసలో ఆరవదిగా ఒక గ్రంథమును ప్రకటించిరి. నక్షత్రాకారపు ఎత్తైన జగతి, నునుపైన నల్లరాతి కంబములు, చూరు క్రింద ఏటవాలుగా నిలిచిన మదనికా విగ్రహములు, నీటిపై తేలునంత తేలికయగు ఇటుకలతో కట్టిన విమానము ఈ ఆలయమునకు ప్రత్యేక లక్షణములు. దక్కను ఆలయశిల్పములో దీనికి తగిన స్థానము కలదని వెలుపలి విద్వల్లోకము గుర్తించుటకు ఆ చిన్న గ్రంథము దారి చూపినది.

సాహిత్య విద్యార్థులకు ఈ ఆలయముతో మరియొక సంబంధము కలదు. గణపతిదేవుని గజసాహిణియగు జాయప సేనాని సుమారు 1253లో సంస్కృతమున నృత్తరత్నావళిని రచించెను. ఆ గ్రంథమునకు సమకాలికమగు నృత్యశిల్పము రామప్పగుడి గోడలపై, కంబములపై, మదనికల భంగిమలలో కనబడును. స్థానకములు, చారులు, దేశి నృత్తభేదములు గ్రంథములో లక్షణరూపమున ఉండగా రాతిలో లక్ష్యరూపమున నిలిచియున్నవి. నటరాజ రామకృష్ణగారు పేరిణి నృత్యమును పునరుద్ధరించునప్పుడు ఈ శిల్పములను ఆధారము చేసికొనిరి. ఆ శిల్పములు విరిగినచోట ఎవరైన కొత్త చేతులు, కొత్త పాదములు చెక్కి అతికించియుండినచో పరిశోధకుడు జాయపుని కాలపు హస్తమునకును తరువాతివాని ఊహకును భేదమెరుగలేకపోయెడివాడు. విరిగిన చేయిని విరిగినట్లే ఉంచుట శాస్త్రమునకు చేసిన మేలు.

జీర్ణోద్ధరణము, సంరక్షణము

ఇక్కడ ఒక ధర్మసందేహము కలుగును. మన ఆగమములు, శిల్పశాస్త్రములు జీర్ణోద్ధరణమును విధించినవి. మయమతమునందును, అగ్నిపురాణమునందును దానికి ప్రకరణములు కలవు. ఖండితమైన బింబము పూజార్హము కాదు. దానిని విధిప్రకారము నీటిలో విడిచి కొత్త బింబమును ప్రతిష్ఠింపవలెను. శిథిలమైన విమానమును విప్పి అదే ప్రమాణముతో మరల కట్టవలెను. కొత్తగుడి కట్టుటకంటె పాతగుడిని ఉద్ధరించుట మిక్కిలి పుణ్యమని సంప్రదాయము. ఈ దృష్టిలో ఆలయమనగా దేవుని శరీరము. అది నిత్యము జీవించవలెను. జీవించు శరీరమునకు వైద్యము, వస్త్రధారణము తప్పవు.

మార్షల్ నేర్పిన సంరక్షణమార్గము దీనికి భిన్నము. ఆ మార్గములో పాతరాయి సగము అరిగినను దాని విలువ కొత్తరాతికి రాదు. పడిపోవు భాగమును నిలుపవలెను గాని పడిపోయిన భాగమును ఊహించి కట్టరాదు. తప్పనిసరిగా చేర్చిన ఊతము చూపరికి ఊతమని తెలియునట్లు ఉండవలెను. ఆనవాలు చెరుపరాదు, సున్నము పూయరాదు, చెక్కిన గోడను గీకరాదు. 1923లో మార్షల్ ప్రకటించిన సంరక్షణ నియమగ్రంథము ఈ పద్ధతిని దేశమంతటికిని ప్రమాణము చేసినది. ఈ దృష్టిలో కట్టడమనగా ఒక ప్రమాణపత్రము. దానిపై ఎవరును కొత్త అక్షరము వ్రాయరాదు.

ఈ రెండును పరస్పరవిరుద్ధములని కొందరి తలంపు. అది పూర్తిగా నిజము కాదు. పూజ నిలిచియున్న గుడికి ఆగమము ప్రధానము, పూజ లుప్తమైన గుడికి ప్రమాణరక్షణము ప్రధానము. చిక్కు వచ్చునది రెండింటి నడుమ ఉన్న గుడులలోనే. రామప్పగుడి వంటివి అట్టివే. అక్కడ లింగమునకు దీపము కావలెను, శిల్పమునకు నూనెమరక తగులరాదు. 1904 నాటి బ్రిటిషు భారతపు చట్టము అడుగుజాడలలో హైదరాబాదు రాజ్యము 1337 ఫసలీలో, అనగా 1927–28లో, పురాకట్టడముల రక్షణకు చట్టము చేసినది. అంతకుముందు శాఖ చేయు పనికి ఉత్తరువులే ఆధారము. చట్టము వచ్చిన పిమ్మట ప్రాచీన కట్టడమునకు హాని చేయుట నేరమైనది. గుడిరాళ్లను బావిగట్టుకు, ఇంటిమెట్లకు మోసికొనిపోవు అలవాటు మాన్పుటకు అది తోడ్పడినది.

యజ్దానీగారికి సంస్కృతాగమములలో ప్రవేశమున్నదని చెప్పుటకు ఆధారము లేదు. అయినను వారి శాఖ వార్షిక నివేదికలలో గుడికి, మసీదునకు, గుహకు ఒకే క్రమము కనబడును. అవి కట్టడమును వర్ణించును, చేసిన మరమ్మతును చెప్పును, అయిన వ్యయమును లెక్కించును. నవబ్రహ్మాలయములు ఉన్న అలంపురమును గూర్చి వారు ఇట్లే శ్రద్ధ వహించిరి. బాదామి చాళుక్యుల కాలమున, ఏడు ఎనిమిదవ శతాబ్దులలో, తుంగభద్రాతీరమున వెలసిన ఆ ఆలయపంక్తి ఆంధ్రదేశ శిల్పచరిత్రలో తొలి అధ్యాయములలో ఒకటి.

అజంతా

యజ్దానీగారి పేరు దేశాంతరములలో నిలుచుటకు అజంతా కారణము. 1819లో జాన్ స్మిత్ అను సేనాధికారి వేటకు వచ్చి ఆ గుహలను చూచెను. నాటినుండి వాని కీర్తితోపాటు వాని కష్టములును పెరిగినవి. 1844 మొదలు రాబర్ట్ గిల్ అనేక సంవత్సరములు అక్కడనే ఉండి వ్రాసిన ప్రతికృతులలో చాలభాగము 1866లో లండను క్రిస్టల్ ప్యాలెసు అగ్నిప్రమాదములో కాలిపోయెను. 1872 నుండి గ్రిఫిత్స్ బొంబాయి కళాశాల విద్యార్థులతో వ్రాయించిన ప్రతికృతులలో పెక్కు 1885లో సౌత్ కెన్సింగ్టనులో మరల అగ్నికి ఆహుతియయ్యెను. 1909–11 నడుమ లేడీ హెరింగ్‌హామ్ వ్రాయించిన ప్రతికృతులలో నందలాల్ బోసు, అసిత్ హల్దార్ మొదలగు వంగదేశపు చిత్రకారులతోపాటు హైదరాబాదు వారగు సయ్యద్ అహ్మద్, ఫజులుద్దీన్ కూడ పాల్గొనిరి. ప్రతికృతులు రెండుమారులు కాలుటచే ఒక సత్యము తేటపడినది: గోడపై ఉన్న మూలమును కాచుటకు మించిన ఉపాయము లేదు.

కాని ఆ మూలమునకు గండములు పెక్కు. ఊక కలిపిన మట్టిపూత, దానిపై సన్నని సున్నపు పొర, దానిపై రంగులు – ఇది అజంతా గోడల నిర్మాణము. వాననీరు రాతినెర్రెలలో దిగి మట్టిపూతను ఉబ్బించును. పురుగులు ఊకను తినును. గబ్బిలముల మలము, గుహలలో నివసించినవారి వంటపొగ రంగులను మూసివేసెను. అంతకుముందు ప్రతికృతులు వ్రాసిన వారు రంగులు స్పష్టపడుటకై చిత్రములపై వార్నీషు పూసిరి. అది కాలక్రమమున నల్లబడెను. చూడవచ్చినవారిలో కొందరు పెచ్చులు పెకలించి తీసికొనిపోయిరి.

యజ్దానీగారి ప్రయత్నముచే నిజాము ప్రభుత్వము ఇటలీ దేశమునుండి లోరెంజో చెక్కోని అను నిపుణుని, సహాయకుడుగా ఒర్సీనిని రప్పించినది. 1920 నుండి 1922 వరకు రెండు చలికాలములు ఆ నిపుణులిద్దరు గుహలలో పనిచేసి, గోడను వీడుచున్న పూతను మరల అతికి, అంచులు కట్టి, మసిని కడిగిరి. వందల చదరపు అడుగుల చిత్రములు నేల రాలకుండ నిలిచినవి. ఇది గొప్ప మేలు. కాని ఆ నిపుణులును రంగులు నిలుచుటకై లక్కతో చేసిన వార్నీషునే పూసిరి. నాటి యూరపు పద్ధతిలో అది ఉత్తమ ఔషధము. దశాబ్దులు గడచిన పిమ్మట ఆ పూత పసుపువన్నెకు తిరిగి, బీటలువారి, క్రింది రంగును తనతో లాగసాగెను. భారత పురావస్తుశాఖ రసాయన విభాగమువారు దానిని మెల్లమెల్లగా తొలగింపవలసివచ్చినది.

ఈ సంగతిని దాచుట పాలనచరిత్రకు మేలు చేయదు. కాచుటకై పూసిన పూతయే తరువాత చెరుపుట అజంతాలో జరిగినది. యజ్దానీగారి సంకల్పమున దోషము లేదు, నాటి శాస్త్రమున కొరత కలదు. అందువలననే తరువాతి సంరక్షణశాస్త్రము ఒక నియమము చేసికొన్నది: ఏ పని చేసినను దానిని మరల తొలగించుటకు వీలుండవలెను. గ్రంథపరిష్కర్త మూలములోని అక్షరమును చెరిపి దిద్దక, ప్రక్కన సూచన వ్రాయునట్లే ఇదియు.

చిత్రముల స్థితిని నిలుపుటతో వారు తృప్తిపడలేదు. గుహగుహకును చిత్రముల వర్ణచ్ఛాయలు తీయించి, ప్రతి చిత్రమును జాతకకథతో పోల్చి, ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము ద్వారా అజంతా అను బృహద్గ్రంథమును నాలుగు భాగములుగా ప్రకటించిరి. మొదటిది 1930, రెండవది 1933, మూడవది 1946, నాలుగవది 1955లో వచ్చినవి. మొదటి భాగమునకు లారెన్స్ బిన్యన్ ఉపోద్ఘాతము వ్రాసెను. గుహలలోని శాసనములను ఎన్.పి. చక్రవర్తి, బహదూర్‌చంద్ ఛాబ్రా పండితులు పరిష్కరించి అనుబంధములుగా కూర్చిరి. ఆరంభమునుండి సమాప్తి వరకు పాతికేండ్లు పట్టిన ఆ గ్రంథము పూర్తియగునప్పటికి వారికి డెబ్బదియేండ్లు. గోడపై రంగు మరల మాసినను ఆనాటి స్థితికి ఆ గ్రంథము సాక్షి.

బీదరు

బహమనీ సుల్తానుల రాజధానియగు బీదరు యజ్దానీగారి స్వంత శాస్త్రమునకు సరియైన క్షేత్రము. అక్కడ వారు శాసనములను తామే చదివిరి. కోటలోని ప్రాసాదములు శతాబ్దుల మట్టిక్రింద సగము పూడియుండెను. శాఖవారు ఆ మట్టిని తొలగింపగా తఖ్తుమహలు మొదలగువాని రూపరేఖలు బయల్పడెను. రంగీన్ మహలులో నల్లరాతిపై ముత్యపుచిప్పలతో పొదిగిన పని, చెక్కడపు కొయ్యకంబములు నేటికిని చూపరులను ఆకర్షించును. మహమూద్ గవాన్ మంత్రి 1472లో కట్టించిన మదరసా పదునేడవ శతాబ్ది చివర తుపాకిమందు పేలుటచే సగము కూలిపోయెను. దాని రెండవ మీనారును ఊహించి కట్టుటకు ఎవరును పూనుకొనలేదు. మిగిలిన మీనారుపై, ముఖభాగముపై గల నీలిపలకలే కాలిపోయిన గ్రంథాలయమునకు గురుతుగా నిలిచియున్నవి. బీదరు చరిత్రము, కట్టడములను గూర్చి వారు వ్రాసిన మహాగ్రంథము 1947లో వెలువడినది. మాళవమునందలి మాండూ నగరమును గూర్చిన గ్రంథము అంతకుముందే 1929లో వచ్చినది.

బీదరు చెంత అష్టూరులో అహమ్మద్‌షా వలీ సమాధి కలదు. దాని లోపలి కప్పుపై వర్ణలతలు, లిపిచిత్రములు మనోహరములు. ఆ సుల్తానును ముస్లిములు వలీగా, లింగాయతులు అల్లమప్రభువుగా భావించి జాతర సలుపుట అక్కడి ఆచారము. ఒక కట్టడమును కాచుట ఒక మతమువారికే చేయు సేవయని తలచువారికి అష్టూరు జాతర సమాధానము.

కొండాపురము, ప్రదర్శనశాల

మెదకు ప్రాంతమున కొండాపురములో 1940 నుండి యజ్దానీగారి పర్యవేక్షణలో త్రవ్వకములు సాగెను. శాతవాహన కాలపు పట్టణమొకటి బయల్పడినది. ఇటుక కట్టడములు, నాణెములు, మట్టిబొమ్మలు, పూసలు లభించెను. ఆ విషయమును వారు 1941లో భండార్కరు ప్రాచ్య పరిశోధన సంస్థ పత్రికలో ప్రకటించి, దానిని ఆంధ్రుల పట్టణమని శీర్షికలోనే పేర్కొనిరి. తెలంగాణమున శాతవాహన నాగరకత వేరూనియుండెనని చూపిన తొలి త్రవ్వకములలో ఇది ముఖ్యమైనది.

1930లో హైదరాబాదు బాగే ఆమ్ తోటలో ప్రదర్శనశాల ఏర్పడినది. స్థానభ్రష్టములైన విగ్రహములకు, నాణెములకు, ఆయుధములకు అది ఆశ్రయమైనది. గుడిలో ఉండదగినది గుడిలోనే ఉండవలెను, ఉండుటకు చోటులేనిదే ప్రదర్శనశాలకు రావలెను అను వివేకము పురావస్తుసేవలో ప్రధానము.

విశ్రాంతి, చివరి రచనలు

యజ్దానీగారు 1943లో ఉద్యోగవిరమణము చేసిరి. ఆంగ్లప్రభుత్వము 1936లో ఒక బిరుదమును, స్వతంత్ర భారతప్రభుత్వము 1959లో పద్మభూషణ బిరుదమును ఇచ్చినవి. దక్కను ప్రాచీనచరిత్రను సమగ్రముగా వ్రాయింపవలెనను సంకల్పము వారి సంపాదకత్వమున 1960లో రెండు సంపుటములుగా నెరవేరినది. దానిలో కాకతీయుల ప్రకరణమును నేలటూరు వేంకటరమణయ్యగారు, మల్లంపల్లి సోమశేఖరశర్మగారు కలిసి వ్రాసిరి. పాలంపేటకు తొలి గ్రంథము వ్రాసిన పండితుని సంపాదకత్వమున తెలుగు చరిత్రకారులు కాకతీయచరిత్రను వ్రాయుట ఉచితముగానే ఉన్నది. రెండేండ్లకు, 1962 నవంబరు 13వ తేదీన, వారు హైదరాబాదులో కీర్తిశేషులైరి.

ఉపసంహారము

వారి కండ్లముందే వారు కాచిన రాజ్యము రూపుమాసెను. 1948లో హైదరాబాదు భారతదేశములో కలిసినది. 1956లో ఆ భూమి మూడు రాష్ట్రములకు పంపకమైనది. అజంతా ఎల్లోరాలు బొంబాయి రాష్ట్రమునకు, బీదరు మస్కిలు మైసూరునకు, పాలంపేట అలంపురములు ఆంధ్రప్రదేశమునకు చెందెను. రాజ్యము పోయినను కట్టడములు నిలిచెను. 1983లో అజంతా ఎల్లోరాలను, 2021లో రామప్ప రుద్రేశ్వరాలయమును యునెస్కో ప్రపంచవారసత్వపు పట్టికలో చేర్చినది. 1922 నాటి మెమాయిరు వెలువడిన తొంబదితొమ్మిదేండ్లకు పాలంపేటకు ఆ గుర్తింపు దొరకినది.

జీర్ణోద్ధరణ సంరక్షణముల చర్చ మాత్రము ముగియలేదు. హనుమకొండ వేయిస్తంభముల గుడి కల్యాణమండపము కుంగిపోవుచుండుటచే 2006లో దానిని రాయిరాయిగా విప్పి, 2024 నాటికి మరల నిలిపిరి. ప్రతి రాతికి గురుతువేసి, దాని చోట దానినే నిలుపుటకు యత్నించిన ఆ పనిలో ఆగమమునందలి విప్పి కట్టు విధియు, మార్షల్ చెప్పిన మూలరక్షణ నియమమును కలిసినవి. పదునెనిమిదేండ్లు పట్టిన ఆ పనిని గమనించినవారికి పాలనము దానముకంటె కష్టమని వేరుగా చెప్పనక్కరలేదు.

పల్లెపల్లెకును ఒక పాతగుడి కలదు. వానిలో చాలవాటికి శాఖ రక్షణము లేదు, చట్టము నీడ లేదు. భక్తితో వేసిన రంగులు, పరచిన పలకరాళ్లు శాసనములను మూయుచున్నవి. సంస్కృత శాసనమును చదువగల పండితుడు తన ఊరి గుడిలోని రాతిని చదివి, దానిపై సున్నము పడకుండ ఊరివారికి చెప్పినచో అదియును పరదత్తపాలనమే. అరబ్బీ చదివిన ఢిల్లీవాసి పాలంపేట గుడిని తనదిగా తలచెను. ఆ గుడి శ్లోకమును చదువగలవారికి అది మరింత స్వంతము కావలెను గదా. శాసనము చివరి ధర్మశ్లోకము నేటివరకు అడుగుచున్నది అదియే.